మీ ఇంట్లో గేట్‌వాల్వు ఎక్కడుంది?

ఈ మధ్య మా గల్లీలో ఎవరు కలిసినా ఒకటే మాట అడుగుతున్నాను. "మీ ఇంటికి నీళ్లు బంద్ చెయ్యాలంటే ఏ వాల్వు తిప్పాలి?" పాలప్యాకెట్ కోసం వచ్చిన అబ్బాయిని అడిగాను. పొద్దున్నే నడకకు పోయే అమ్మాయిని అడిగాను. నిరుడు మూడంతస్తుల ఇల్లు కొని గృహప్రవేశం చేసినాయన్ని అడిగాను. వాచ్‌మన్‌కు తెలుసని ఒకరన్నారు. ప్లంబర్ నంబరు ఫోన్లో ఉందని ఇంకొకరన్నారు. ఇల్లు కొన్నాయన నా మొహం చూసి, "ఎందుకన్నా, మీకు నీళ్లు వస్తలేవా?" అని ఎదురడిగాడు. వాల్వు చూపించినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరికీ అరవై దాటాయి.

ఉన్నదంతా ఊడ్చి, బ్యాంకు అప్పు నెత్తిన పెట్టుకుని ఇల్లు కొంటారు. ముఖం తూర్పా పడమరా, ఈశాన్యం పెరిగిందా తరిగిందా అని ముగ్గురు వాస్తు పండితులను తెచ్చి చూపిస్తారు. నీళ్లు ఎటు వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని మాత్రం ఒక్కరూ అడగరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఈ ప్రశ్న నా నోట పడింది మా పెద్దోడి ఫ్లాటు వల్ల. వాడు కొత్త టీవీ తెచ్చి, గోడకు బిగించాలని డ్రిల్లింగ్ మిషన్ తీశాడు. సొంతంగా చేసుకుంటున్నాడు కదా అని నేనూ సంతోషించి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి రంధ్రం బాగానే పడింది. రెండోది పడీ పడకముందే గోడలోంచి నీళ్లు ఎగజిమ్మాయి. గోడకు అవతల బాత్‌రూం. పైపు ప్లాస్టరు లోపల పోతోంది. వాడు అరచేయి అదిమి పెట్టాడు, వేళ్ల సందుల్లోంచి నీళ్లు మొహం మీద కొడుతున్నాయి. "వాల్వు యాడుందిరా?" అని అరిచాను. వాడికి తెలియదు. కోడలికి తెలియదు. పైకి పరుగెత్తితే టెర్రస్‌కు తాళం. తాళంచెవి కింద సెక్యూరిటీ దగ్గర. తాళం తీసి చూస్తే ట్యాంకు కింద ఇరవైకి పైగా వాల్వులు, ఒక్కదాని మీద కూడా ఫ్లాటు నంబరు లేదు. నలభై నిమిషాలు పారాయి నీళ్లు. పరుపు పోయింది. పొట్టుచెక్కతో చేసిన అల్మారా అడుగు అప్పడంలా ఉబ్బింది. తర్వాత వచ్చిన ప్లంబరు బాత్‌రూం ఫాల్స్ సీలింగ్‌లో ఒక పలక పక్కకు జరిపి చూపించాడు. ఆ ఫ్లాటుకు విడిగా వాల్వు అక్కడే ఉంది, ఆరేళ్లుగా.

వాణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ గోడలో పైపు ఉందని వాడికి ఎవరు చెప్పారు? ఇల్లు అమ్మినవాడు చెప్పలేదు. తాళాల గుత్తి చేతిలో పెట్టి ఫోటో దిగి పోయాడు. పిల్లలకు పని రాదని మా వయసువాళ్లం అందరం సణుగుతాం, నేనూ సణుగుతాను. అయితే సగం తప్పు ఇల్లు కట్టే పద్ధతిది. ఇంటివాడు చేయి పెట్టడానికి వీల్లేకుండా కడుతున్నారు. ఈ మార్పు నా కళ్ల ముందే జరిగింది.

మేం హైదరాబాద్ చంపాపేటలో 1986లో ఇల్లు కట్టుకున్నాం. నూట యాభై గజాలు, రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా. నేను ఖజానా శాఖలో గుమాస్తాను, దేవరకొండ దిక్కు పల్లె నుంచి వచ్చినవాణ్ణి. అప్పట్లో చంపాపేట నుంచి సాగర్ రోడ్డెక్కితే కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి దాకా చీకటి పడ్డాక నడవాలంటే తోడు కావాలి. సిమెంటు 1982 దాకా పూర్తిగా కంట్రోలు సరుకు. ఆ ఏడు కొంత సడలించారు, 1989లో గానీ కంట్రోలు మొత్తం ఎత్తెయ్యలేదు. కాబట్టి బస్తా బస్తాకు లెక్క. గడ్డకట్టిన సిమెంటును నా భార్య జల్లెడ పట్టింది. శ్లాబు వేసిన మర్నాడు దాని మీద మట్టితో మడులు కట్టి నీళ్లు నిలబెట్టాం. ఆఫీసుకు పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గోడలకు నీళ్లు కొట్టడం నా వంతు. ఏ గోడ ఎప్పుడు లేచిందో, ఏ మూలన మేస్త్రి రసమట్టం పెట్టకుండా కంటిచూపుతో కానిచ్చాడో నాకు ఇప్పటికీ తెలుసు.

మా గల్లీకి దొరికిన అదృష్టం కంచన్‌బాగ్. రక్షణ శాఖ సంస్థలైన బీడీఎల్ 1970లో, మిధానీ 1973లో అక్కడ వచ్చాయి, డీఎంఆర్ఎల్ పరిశోధనశాల కూడా ఉంది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు చుట్టూ కాలనీల్లో స్థలాలు కొనుక్కున్నారు. మా ఎదురింటాయన ఫిట్టరు. మేమందరం ఫిట్టరన్న అనేవాళ్లం. గల్లీ మొత్తానికి పైపు పానా ఒకటే, అది ఆయనది. వెదురు నిచ్చెన ఒకటే, అది మాది. బర్మా ఒక టీచరు గారింట్లో ఉండేది. ఆదివారం పొద్దున ఎవరింట్లో పని ఉంటే నిచ్చెన, పానా, బర్మా మూడూ ఆ ఇంటికి చేరేవి, వాటి వెంట వాటి యజమానులూ చేరేవాళ్లు. చాయ్ ఆ ఇంటివాళ్లది.

జీఐ పైపు అతకడం నాకు నేర్పింది ఫిట్టరన్నే. ఇప్పటిలా తెల్ల టేపు లేదు. మరల మీద నూలు చుట్టి, దాని మీద సఫేదా పూసి బిగించాలి. నేను నూలు చుడుతుంటే చేయి పట్టుకుని ఆపాడు. "చుట్టు ఎప్పుడూ మర తిరిగే దిక్కే చుట్టాలె. ఎదురు చుట్టినవనుకో, బిగించంగనే ఊడొస్తది." ఆ రోజు బిగించిన ఎల్బో మా పెరట్లో ఇంకా ఉంది, చుక్క కారలేదు. సఫేదా అంటే సీసం, విషం. అన్నం తినేముందు సబ్బుతో రెండుసార్లు కడుక్కోమని కూడా ఆయనే చెప్పాడు. ఇప్పుడు టేపు వచ్చింది, మంచిదే. దాన్ని నేను తప్పుపట్టను.

మా పైపులు గోడ పైనుంచి పోతాయి. క్లిప్పులు వేసి, రంగు కొట్టి, అందరికీ కనిపిస్తూ. చెమ్మ వస్తే ఎక్కడ వచ్చిందో కంటికే తెలుస్తుంది. అది అందంగా లేదని కొత్త ఇళ్లలో గోడకు గాడి కొట్టి, పైపు లోపల పెట్టి, ప్లాస్టరు చేసి, పైన టైలు అతికిస్తారు. ఒక జాయింటు కారిందంటే ముందు కింది అంతస్తువాళ్ల సీలింగు మీద మచ్చ పడుతుంది, తర్వాత వాళ్లతో గొడవ పడుతుంది, ఆ తర్వాత బాత్‌రూం మొత్తం పగలగొట్టాలి. పగిలిన టైలు స్థానంలో పెట్టడానికి అదే టైలు దొరకదు, ఆ డిజైను కంపెనీ ఎప్పుడో ఆపేసి ఉంటుంది. మా ఇంట్లో పరిచింది షాబాద్ బండలు. వంటింట్లో రుబ్బురోలు పడి ఒక బండ పగిలితే గడ్డపార మొన పెట్టి లేపి, కింద ఇసుక సరిచేసి, ఇంకో బండ వేసి, సందుల్లో సిమెంటు పాలు పోశాను. ఒక పూట పని. షాబాద్ కాకపోతే తాండూరు, ఈరోజుకీ దొరుకుతుంది.

నల్లాల సంగతి ఇంకా అన్యాయం. ఇత్తడి నల్లా కారుతోందంటే తొంభై పాళ్లు లోపలి వాషర్ అరిగినట్టే. మేం ఏం చేసేవాళ్లం? గేట్‌వాల్వు మూసి, నల్లాలో మిగిలిన నీళ్లు వదిలేసి, పానాతో పై నట్టు విప్పితే పిడి, దాని కింది పుల్ల కలిసి చేతిలోకి వచ్చేవి. అడుగున బిళ్ల మీద నల్లగా, మధ్యలో గుంటపడి ఉండేది పాత వాషర్. దాన్ని గోరుతో పీకి, పాత తోలుచెప్పు మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ గీత వెంట కత్తెరతో కోస్తే కొత్త వాషర్. తోలును రాత్రంతా నీళ్లలో నానేస్తే మెత్తబడి బాగా కూర్చుంటుంది. రబ్బరుది కావాలంటే దుకాణంలో పావలా. పని మొత్తం పావుగంట.

ఇప్పటి నల్లా లోపల కాట్రిడ్జ్ అని ఒకటి ఉంటుంది. అది కూడా ఇంట్లో మార్చుకోదగిందే, నేను మా కోడలి వంటింట్లో మార్చాను. కానీ ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పట్టదు, ఒకే కంపెనీలో ఆ ఏడుది ఈ ఏడుకు పట్టదు. ఫోన్లో బుక్ చేస్తే ఒక కుర్రాడు వస్తాడు. పాపం వాడి తప్పేం లేదు, అరగంటలో ఇంకో ఇంటికి పోవాలి. "నల్లా మొత్తం మార్చాలి సార్" అంటాడు. మా పక్కింట్లో అట్లా మార్చి పారేసిన నల్లాను నేను చెత్తబుట్ట దగ్గర తీసుకుని విప్పి చూశాను. అందులో సున్నం పేరుకుపోయిన గరుకు తప్ప ఏమీ లేదు. నిమ్మరసంలో నానేసి కడిగాను. ఇప్పుడు అది మా పెరట్లో, తులసి కోట పక్కన పనిచేస్తోంది.

కారే నల్లాను చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. బోరింగు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాసిన తరం మాది. ట్యాంకర్ వచ్చిందంటే అన్నం ముందు నుంచి లేచి బిందెలతో పరుగెత్తేవాళ్లం. 2004 ప్రాంతంలో కృష్ణా నీళ్లు వచ్చాక గానీ మా వైపు ఆ కష్టం తగ్గలేదు. ఆ నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా సాహెబ్‌నగర్‌కు తెస్తున్నారు. వంద కిలోమీటర్ల పైనుంచి, కొండంత కరెంటు ఖర్చు పెట్టి తెచ్చిన నీళ్లవి. 2021 నుంచి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం కూడా చేశారు. ఉచితమని కాబోలు, చుక్కలు పడుతుంటే ఎవరూ లేవరు. మా మెట్ల కింది నల్లా ఒకటి కారుతుంటే ఒక రాత్రి కింద చెంబు పెట్టి చూశాను. తెల్లారేసరికి నిండి పొర్లిపోయింది.

ఏటా సున్నం వేసేవాళ్లం. సంక్రాంతికి ముందు గడ్డసున్నం తెచ్చి, తారు డ్రమ్ములో పోసి, దూరంగా నిలబడి నీళ్లు పోయాలి. ముందు ఏమీ కాదు. తర్వాత గడ్డలు చిటచిటమని పగులుతాయి, ఆవిరి లేస్తుంది, మొత్తం అన్నం కుండలా కుతకుత ఉడుకుతుంది. ఆ పూట పిల్లలను పెరట్లోకి రానిచ్చేవాళ్లం కాదు, చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. మర్నాడు చల్లారాక పాత ధోవతిలో వడగట్టి, కాస్త జిగురు, గుప్పెడు ఉప్పు, నీలిమందు కలిపి, మొదటి పూత అడ్డంగా, రెండో పూత నిలువుగా. మా ఊళ్లో ఈ పనంతా ఆడవాళ్లదే. మట్టి గోడ మెత్తాలన్నా, పేడతో అలకాలన్నా, జాజు పూయాలన్నా మా అమ్మ, మేనత్తలు. ఇంటి మరమ్మతు అని వాళ్లు దానికి పేరు పెట్టుకోలేదు. నా భార్య చేయి సున్నం కుంచె మీద నాకంటే బాగా నడిచేది, పై అంచు గీత ఆమె గీస్తే దారం పట్టినట్టుండేది.

తెలుపు కోసం ఇది చెప్పడం లేదు. సున్నం వేయాలంటే ఇంటి గోడ మొత్తం, జానెడు కూడా వదలకుండా, ఏడాదికొకసారి మన చేతికింద నుంచి పోతుంది. నెర్రె ఎక్కడ పుట్టింది, చెమ్మ ఎక్కడ ఎక్కింది, చౌకట్టు వెనక చెద పురుగు మట్టి గీత ఎక్కడ పెట్టింది, అన్నీ కంటబడతాయి. 1994లో చెదను నేను అట్లాగే పట్టుకున్నాను. అది అప్పటికి బెత్తెడు ఎత్తే ఎక్కింది. చౌకట్టు బల్లార్షా టేకు, కిరోసిన్ పట్టించి కాపాడుకున్నాను. ఇప్పుడు ఏడేళ్ల గ్యారంటీ రంగు కొట్టించి ఏడేళ్లు గోడ వైపు చూడరు.

కరెంటు విషయంలో మాత్రం మా రోజులు గొప్పవని అనను. పింగాణీ ఫ్యూజులు, గోడ మీద చెక్క పట్టీ వేసి లాగిన వైర్లు. ఫ్యూజు తీగ మాటిమాటికి పోతోందని ఒకసారి నేను రెండు పోగులు మెలేసి కట్టాను. ఫిట్టరన్న చూసి పీకి పారేశాడు. "ఫ్యూజు పోవాలె. అది పోకపోతే ఇల్లు పోతది." ఆ మాట తర్వాత మళ్లీ ఆ పని చేయలేదు. ఎంసీబీలు వచ్చాయి. షాకు కొడితే రెప్పపాటులో కరెంటు ఆపే ఆర్‌సీసీబీ వచ్చింది, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా చాలు, పట్టేస్తుంది. మా పాత ఇంటికి నేనే ముందు పెట్టించాను. అయితే దాని మీద 'టి' అని ఒక బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడాలి, నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే ఆ పెట్టె గోడకు అలంకారమే. నెలకొకసారి నొక్కేవాళ్లు మా గల్లీలో ఎందరున్నారో అడిగాను. ఆ బటన్ ఉందనే ఎవరికీ తెలియదు.

2020 అక్టోబరు 13 రాత్రి వాన ఈ వైపు ఎవరూ మరిచిపోరు. సరూర్‌నగర్ చెరువు దిగువన కాలనీలు మునిగాయి. మా గల్లీ కొంచెం ఎత్తు, వరద రాలేదు. కానీ మూడిళ్ల అవతల కొత్తగా వచ్చిన జంట ఇంట్లో మెట్ల మీద నుంచి నీళ్లు వాగులా దిగుతున్నాయి. ఆ అబ్బాయి ఫోను పట్టుకుని నంబర్లు కొడుతున్నాడు, ఆ రాత్రి ఎవడొస్తాడు? టార్చిలైటు తీసుకుని పైకెక్కాను. డాబా మీద పిట్టగోడ లోపల మోకాటిలోతు నీళ్లు. అన్ని నీళ్లు శ్లాబు మీద నిలిస్తే ఎంత బరువో ఆలోచించండి, గజం పొడవు గజం వెడల్పు జాగాలోనే మూడు నాలుగు వందల కిలోలు. వంగి చేత్తో తడిమాను. తూము గొట్టం నోట్లో కొబ్బరిపీచు, ఒక పాలిథిన్ కవరు. లాగేశాను. గొట్టం గడగడలాడి, పావుగంటలో డాబా తేలింది. ఆ పిల్ల ఏడ్చేసింది. వానాకాలం ముందు డాబా ఊడ్చి తూములు చూసుకోవాలని ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. మాకు మా నాయన చెప్పాడు. మేం మా పిల్లలకు చెప్పామా? చదువుకో, ఇవన్నీ నీకెందుకని నిచ్చెన కింద నుంచి పంపేశాం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు పంపాం. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను.

మా చిన్నోడు అమెరికాలో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఇక్కడ ఉన్నన్నాళ్లు మేకు కొట్టలేదు. అక్కడ ప్రతి శనివారం హోమ్ డిపోకు పోతాడు. కమోడు ట్యాంకు లోపలి రబ్బరు బిళ్ల తనే మార్చుకున్నాడు, గదులకు రంగులు తనే వేసుకున్నాడు, కంచె చెక్కలు తనే బిగించాడు. వీడియోకాల్‌లో చూపిస్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది. అక్కడ మనిషిని పిలిస్తే డాలర్లు దండిగా పోస్తేగానీ రాడు, అందుకని నేర్చుకున్నాడు, నిజమే. కానీ అదే పిల్లాడు ఇక్కడికొచ్చి వరండాలో ట్యూబులైటు స్టార్టరు మారుస్తుంటే వాడి మేనమామ, "నువ్వెందుకు ఎక్కుడు, ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు, ఎలక్ట్రీషియన్‌ను పిలుస్త" అన్నాడు. చేత్తో పని చేస్తే మర్యాద పోతుందనే రోగం మనకు పాతదే. మా రోజుల్లోనూ ఉండేది. చంపాపేట వంటి చోట, పల్లెల నుంచి వచ్చి పక్కపక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్ల మధ్య అది కొంత కాలం అణగిపోయింది. అపార్ట్‌మెంట్లతో పాటు మళ్లీ లేచింది.

ఇప్పటి ఇంటివాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే ఇళ్లయితే, అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి బిల్డరుకు తెలియజేస్తే ముప్పై రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. ప్లాన్లు, పత్రాలు నివాసుల సంఘానికి అప్పగించాలని కూడా అందులో ఉంది. అడగండి. తాళాలతో పాటు పైపులు, వైర్లు ఏ గోడలో ఎటు పోతున్నాయో చూపే నక్షా అడగండి. మా ఇంటి నక్షా 1986లో ఫిట్టరన్న గ్రాఫ్ కాగితం మీద గీసిచ్చాడు. మీటరు బోర్డు తలుపు లోపల అతికించి ఉంది. 2004లో కృష్ణా లైను ఎర్రసిరాతో, నిరుడు సోలార్ వైరు ఆకుపచ్చతో చేర్చాను. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇంట్లో ఏది చెడిపోయినా ఆయన చేతిరాతే మొదట చూస్తాను.

మా ఎదురుగా ఆయన ఇల్లు పోయిన ఏడు కూల్చేశారు. పిల్లలు అమ్ముకున్నారు. ఇప్పుడక్కడ ఐదంతస్తులు లేస్తున్నాయి. పైపులు గాడుల్లో పెట్టారు, ప్లాస్టరు ఇంకా కాలేదు. ఫ్లాట్లు కొన్నవాళ్లు ఒక్కరూ వచ్చి చూడలేదు. అందుకని వారం నుంచి మధ్యాహ్నం మేస్త్రీలు అన్నానికి కూర్చున్నప్పుడు నేనే పోతున్నాను. టేపు గోడకు ఆనించి, తలుపు అంచు నుంచి పైపు ఎన్ని అంగుళాలు, నేల నుంచి ఎంత ఎత్తు అనేది ఫోటోలో పడేట్టు తీస్తున్నాను. ఒక్కో ఫ్లాటుకు ఒక్కో కవరు, మీద నంబరు. గృహప్రవేశం రోజున ఇస్తాను. మూడంతస్తులు అయ్యాయి. నాలుగో అంతస్తులో రెండు బాత్‌రూములు మిగిలాయి, ఐదోది మొత్తం ఉంది. సోమవారం ప్లాస్టరు మొదలు పెడతామని మేస్త్రి అన్నాడు.